కవిలెకట్టను భోగి మంటలో వేయకండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒకప్పుడు కరణీకం, అంటే ఊరి భూముల, శిస్తుల లెక్క రాసే పని, చేసిన కుటుంబాల వారందరికీ,

నమస్కారం. ధనుర్మాసం వచ్చింది. ఇంకొన్ని రోజుల్లో మన ఇళ్లలో అటకలు దులుపుతారు. కాలు విరిగిన మంచం, చెదపట్టిన పీట, చిల్లిపడ్డ చేట ఒక్కొక్కటిగా వీధిలోకి వస్తాయి. వాటితో పాటు కొన్ని ఇళ్లలో మసిబారిన తాటాకుల కట్ట కూడా కిందికి దిగుతుంది. ఇదేమిటని పిల్లలు అడుగుతారు. తాతగారి కాలంనాటి లెక్కలు, ఇప్పుడెవరికి కావాలని పెద్దలు అంటారు. మర్నాడు తెల్లవారుజామున అది మంటలో ఉంటుంది. నాకు పన్నెండేళ్ల వయసులో అలాంటి కట్టను నా చేతులతోనే భోగి మంటలో వేశాను. ఎండిన తాటాకు ఎంత చురుగ్గా అంటుకుంటుందో చూసి చప్పట్లు కూడా కొట్టాను. అందులో ఏముందో తెలుసుకునే అవకాశం ఇక ఎవరికీ లేదు.

ఇన్నేళ్ల తరువాత ఇది రాయడానికి కారణం ఒక మాట. మా వీధిలో పరీక్షలకు చదువుకుంటున్న అమ్మాయి మొన్న పుస్తకం పట్టుకుని వచ్చింది. "మాస్టారూ, చరిత్ర కవిలె అంటే అర్థం కాలేదు. ఇందులో కవిలె అంటే గోవు అని రాశారు. చరిత్రకు ఆవుతో పనేమిటి?" అని అడిగింది. పుస్తకం తిప్పి చూశాను, నిజంగానే అలా ఉంది. కపిల వర్ణం ఉన్న ఆవును కవిల అనడం తెలుగులో ఉంది. అర్థాలు కూర్చినవారు ఆ మాటను పట్టుకుని ఈ మాటకు అతికించారు. నాకు వారి మీద కంటే నా మీద ఎక్కువ కోపం వచ్చింది. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పాను. "కవిలె: చరిత్ర గ్రంథం" అని ఒక్క ముక్కలో అర్థం రాయించి ముందుకు సాగిపోయాను. మా అటక మీదున్న కట్టను ఒక్కసారైనా బడికి తీసుకెళ్లి చూపించలేదు. వస్తువు కంటికి కనబడకపోతే మాట ఎంతకాలం నిలుస్తుంది?

అందుకే ఆ రోజు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి కట్ట విప్పాను.

కవిలె అంటే కమ్మల మీద రాసిన లెక్క. ఆ కమ్మలన్నీ కలిపి కట్టినది కవిలెకట్ట. మా ఇంట్లో మిగిలినది జానెడున్నర పొడవు, రెండు వేళ్ల వెడల్పు ఉంటుంది. తాటాకును ఈనె తీసి, ఒకే కొలతకు కోసి, నీళ్లలో ఉడికించి, నీడన ఆరబెట్టి, నున్నగా రుద్దితే రాతకు పనికొస్తుంది. ఘంటంతో గీస్తే అక్షరం ఆకులోకి దిగుతుంది కానీ కంటికి ఆనదు. మసినీ ఆకుపసరునూ కలిపి పైన పూసి తుడిచేస్తే గీతల్లో మాత్రం నలుపు నిలిచి అక్షరం బయటపడుతుంది. ఆ అమ్మాయి వేలి కొనతో తడిమి చూసి, "ఇది రాసింది కాదు, చెక్కింది" అంది. సిరా అయితే తడి తగిలి కారిపోతుంది. చెక్కిన గీత ఆకు ఉన్నంతకాలం ఉంటుంది. చరిత్ర కవిలెలో చెరగని పేరు అని పత్రికల్లో రాస్తారే, ఆ "చెరగని" అన్న మాటకు మూలం ఆ అమ్మాయి వేలి కొనకు తగిలింది.

అంకెలు చదవడం కొంచెం కష్టం. పాత తెలుగు లెక్కలో భిన్నాలకు వేరే గుర్తులున్నాయి. దేనినైనా నాలుగు వంతులు చేసి, ఆ వంతును మళ్లీ నాలుగు వంతులు చేసుకుంటూ పోతారు. కాలు అంటే నాలుగో వంతు, దానికి నిలువు గీత. అందులో నాలుగో వంతు, అంటే పదహారో వంతు, వీసం, దానికి అడ్డగీత. ఈ గుర్తులకు 2008లో కంప్యూటర్ అక్షరాల ప్రమాణమైన యూనికోడ్‌లో కూడా చోటు దక్కింది. వీసమెత్తు అనుమానం లేదని మనం రోజూ అంటాం. ఆ వీసం గీత ఎలా ఉంటుందో చూసినవారు మన ఊళ్లలో ఎందరు మిగిలారో మీరే చెప్పాలి.

కవిలెకు బంధువులైన మాటలు ఇంకా ఉన్నాయి. కరణాలు తరతరాలుగా చేర్చుకుంటూ వచ్చిన ఊరి వృత్తాంతాన్ని దండకవిలె అన్నారు. ఊరు ఎప్పుడు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఏ ప్రభువు తరువాత ఏ ప్రభువు వచ్చాడు, ఇవన్నీ అందులో ఉండేవి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణాదిలో ఊరూరి చరిత్ర సేకరించినప్పుడు ఆయన మనుషులు చూసిన ఆధారాల్లో ఈ దండకవిలెలు ముఖ్యమైనవి. ఆ పనికి వెన్నెముకగా నిలిచినవారు తెలుగువారైన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. వారు రాయించిన ఊరి చరిత్రలే కైఫియత్తులు. మెకంజీ 1821లో చనిపోయారు. ఆ సంపుటాలు చివికిపోతుంటే మళ్లీ నకళ్లు రాయించినవారు సి.పి. బ్రౌన్.

కైఫియత్తు అరబ్బీ మాట. "ఎలా" అని అడిగే "కైఫ" అన్న ప్రశ్నలోంచి పుట్టింది. ఎలా ఉన్నది, ఎలా జరిగింది అన్న దానికి జవాబే కైఫియత్తు. నాకు ఈ మాట ఎంతో ఇష్టం. ఒక ఊరిని పట్టుకుని, అయ్యా నువ్వు ఎలా ఉన్నావు అని కుశలం అడిగినట్టు ఉంటుంది. ఇక దాఖలా అన్నది చూడండి. ఫలానా పని జరిగిన దాఖలాలు లేవని పత్రికల్లో రోజూ చదువుతాం. లోపలికి చేరినది, పద్దులో ఎక్కినది దాఖలా. ఎక్కకపోతే జరగనట్టే అన్న పాత లెక్కగాళ్ల పట్టుదల ఆ మాటలో ఇంకా బతికే ఉంది. ఈ వరుసలో కవిలె ఒక్కటే మనకు దూరమైపోయింది. ఉపన్యాసాల్లో, సంపాదకీయాల్లో, అభినందన పత్రాల్లో తప్ప కనబడదు.

సాహిత్యంలో కవిలె వాడకం గురించి నాకున్న బాధ ఇక్కడే చెప్పాలి. నా చిన్నప్పుడు మా ఊరికి వచ్చిన హరిదాసు అజామిళుడి కథ చెబుతూ చిత్రగుప్తుడు కవిలె విప్పాడు అంటే, అరుగు మీద కూర్చున్న రైతులందరికీ ఒళ్లు జలదరించేది. కవిలె విప్పడమంటే ఏమిటో వారికి అనుభవం. శిస్తు బాకీ పైకి రావడం, ఎప్పుడో తీసుకున్న విత్తనాల అప్పు పేరుపెట్టి చదవడం. యముడి కొలువులో కూడా మన ఊరి కరణం కూర్చున్నట్టే ఉండేది వారికి. ఆ వాడుకలో ప్రాణం ఉంది. ఇప్పుడు మనం చరిత్ర కవిలె అన్నప్పుడు అందులో రాజులు, నాయకులు, పెద్ద పెద్ద పురస్కారాలు తప్ప ఎవరూ లేరు. లెక్క పుస్తకాన్ని సింహాసనం చేశాం. ఆ మాట పుట్టింది ఎవరి కోసమో వారినే బయటికి పంపేశాం.

1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. ఆ ఒక్క రోజు మీద కావ్యం వచ్చింది, జంగం కథ వచ్చింది, నాటకాలు, సినిమా వచ్చాయి. తాండ్ర పాపారాయుడి పేరు వినని పిల్లలు మన జిల్లాల్లో ఉండరు. రావలసిందే, నేను కాదనను. కానీ ఆ ఏడు బొబ్బిలి చుట్టుపక్కల ఎన్ని పుట్ల ధాన్యం పండింది, సైన్యాలు వచ్చిపోయాక ఏ ఊరి రైతులు ఎక్కడికి వలసపోయారు, ఎవరి నాగలి ఆగిపోయింది అని అడిగితే కావ్యం చెప్పదు. అది చెప్పవలసింది కవిలె.

మా కట్టలో ఒక ఆకు ఉంది. ఆ అమ్మాయికి చదివి వినిపించింది అదే. పైన తేదీ లేదు, "అక్షయ" అని సంవత్సరం పేరు మాత్రం ఉంది. కింద విత్తనాల అప్పు లెక్క. పదకొండు పేర్లు, ఒక్కో పేరుకు ఎదురుగా ఇన్ని తూములు, ఇన్ని కుంచాలు. నాలుగు పేర్ల పక్కన "ఫౌతి" అని ఉంది, అంటే చనిపోయారని. మూడు పేర్ల పక్కన "పరారి". మిగిలిన నాలుగింటి పక్కన ఏమీ లేదు. చివర మొత్తం వేసి, వసూలు దగ్గర ఖాళీ వదిలేశారు.

అరవై ఏళ్లకొకసారి అక్షయ వస్తుంది. 1806 కావచ్చు, 1866 కావచ్చు, 1926 కావచ్చు. ఆ దస్తూరీ మా తాతగారి తాతగారిది. ఆయన చేతి రాతతో ఉన్న కాగితపు పత్రం ఒకటి మా దగ్గర భద్రంగా ఉంది, రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. కాబట్టి ఇది 1866. ఒడిశాను తుడిచిపెట్టిన కరువు ఆ ఏడాదిదే. అది గంజాం జిల్లాను కూడా పట్టి పీడించింది. శ్రీకాకుళం అప్పుడు గంజాం జిల్లాలో ఉండేది. తరగనిది అని పేరున్న సంవత్సరంలో పదకొండు ఇళ్లలో ఏడు ఇళ్ల మనుషులు లేకుండా పోయారు. ఇది రాసిన ఆయన కరువు అన్న మాట ఎక్కడా వాడలేదు. కన్నీరు పెట్టినట్టూ రాయలేదు. తూములు, కుంచాలు, ఫౌతి, పరారి, అంతే. ఆ అమ్మాయి మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ పదకొండు పేర్లూ తన నోటుపుస్తకంలో రాసుకుంది.

ఈ కవిలెతనం ఒక్క తాటాకుకే పరిమితం కాదు. శ్రీకూర్మం గుడి స్తంభాల మీద చెక్కిన శాసనాల దగ్గరికి వెళ్లండి. 1281 నాటి శాసనం, మధ్వ మతాచార్యులైన నరహరితీర్థులది, అందరూ చెబుతారు. దాని చుట్టూ ఉన్న చిన్న చిన్న శాసనాలను కూడా కాసేపు చూడండి. ఫలానావారు అఖండ దీపానికి ఇన్ని గండమాడలు, అంటే బంగారు నాణేలు, గుడి ఖజానా అయిన శ్రీభండారంలో పెట్టారు, దీపం ఆచంద్రార్కం, సూర్యచంద్రులున్నంతకాలం, వెలగాలి. రాతి మీద చెక్కినా అది పద్దే, దీపానికి నూనె ఎక్కడినుంచి రావాలో చెప్పే పద్దు. వ్యావహారిక భాషకు నిలబడిన మన ప్రాంతపు పెద్దలిద్దరూ ఇలాంటి రాతలు చదివినవారే. గిడుగు రామమూర్తి పంతులు గారు ముఖలింగం శాసనాల కోసం పాత లిపిని తమంతట తామే నేర్చుకున్నారు. గురజాడ అప్పారావు గారు విజయనగరం సంస్థానంలో శాసన పరిశోధకులుగా పనిచేశారు. మామూలు జనం మాటకు వారిద్దరూ ఇచ్చిన విలువ వెనక ఈ చదువు కూడా ఉందని నేను గట్టిగా నమ్ముతాను. దాతల పేర్లు, ధాన్యపు కొలతలు, ఊళ్ల పొలిమేరలు చదివిన కంటికి జనం మాట చిన్నదిగా కనబడదు.

మీలో కొందరు ఈ కట్టలు ఎందుకు పారేస్తున్నారో నాకు తెలుసు. 1802లో జమీందారీల శాశ్వత పరిష్కారంతో పాటు కరణాల విధులకు కూడా రెగ్యులేషన్ వచ్చింది. ఏ రిజిస్టర్లు రాయాలో సర్కారే చెప్పింది. అక్కడినుంచి కాగితం బలపడుతూ వచ్చింది. 1984లో కరణీకాలు రద్దయినప్పుడు అడంగళ్లు, చిట్టాలు, పటాలు అప్పగించమన్నారు. తాటాకు కట్టలు ఏ జాబితాలోనూ లేవు. మా నాన్నగారు ఆ రోజు రిజిస్టర్లన్నీ ఎద్దుబండి మీద పంపించి, ఈ కట్టను చేత్తో పట్టుకుని వీధి గుమ్మంలో నిలబడిపోయారు. ఎవరూ అడగలేదు కనుక తిరిగి అటకెక్కించారు. 2003లో కేంద్రం మొదలుపెట్టిన రాతప్రతుల సంరక్షణ పథకం కూడా రెవెన్యూ రికార్డులు వేరు, రాతప్రతులు వేరు అని తన నిర్వచనంలోనే చెప్పుకుంది. కావ్యం రాసిన తాటాకుకు ఒక దారి ఉంది. లెక్క రాసిన తాటాకుకు మీ అటకే దారి.

ఇంకో కారణం పైకి చెప్పడం ఇబ్బంది. కరణమంటే ఊరికి భయం. కరణాన్ని ఇంకో కరణం నమ్మినా మరణమేనని శతక పద్యమే ఉంది. ఆ పద్యం ఊరికే పుట్టలేదు. ఒకరి సెంటు ఇంకొకరి పేరున ఎక్కించినవారు, తీరిన అప్పును తీరనట్టు ఉంచినవారు మన పెద్దల్లో ఉన్నారు. ఏజెన్సీ కొండల్లో సవర, జాతాపు గిరిజనుల భూములు రాతకోతల్లోనే చేతులు మారాయి. చదువురానివాడి బొటనవేలి ముద్ర కింద ఏముందో వాడికి తెలియదు. తాతగారి కట్ట విప్పితే తాతగారి తప్పు బయటపడుతుందేమోనని మీలో కొందరి గుండెల్లో ఉంది. నాకూ ఉండేది. మా కట్టలోనే ఒక ఆకు తరువాత చొప్పించినది. మిగతా ఆకుల రంధ్రాలు తాడు రాపిడికి అరిగి పెద్దవయ్యాయి, దాని రంధ్రం మాత్రం పొడిచినది పొడిచినట్టే ఉంది. ఆ ఆకు మీద ఒక మాన్యం ఒక కుటుంబం నుంచి ఇంకో కుటుంబానికి మారింది. ఎవరి నుంచి ఎవరికో ఇక్కడ రాయను. ఆ రెండు ఇళ్ల వారినీ మా ఇంటికి పిలిచి చూపించాను. ఒకాయన ఆకు చేతిలోకి తీసుకుని, "మా ముత్తాత ఊరికే అనలేదన్నమాట" అన్నారు. అంతకు మించి ఏమీ అడగలేదు. ఆ కట్ట కాలిపోయి ఉంటే ఆ ముసలాయన మాట నూరేళ్లు అబద్ధంగానే ఉండిపోయేది. అన్యాయం చేసిన రాతే అన్యాయానికి సాక్ష్యం. దాన్ని కాల్చే హక్కు మనకు లేదు.

అందుచేత మిమ్మల్ని అడుగుతున్నది ఇది. భోగికి ముందే అటక ఒకసారి చూడండి. కట్ట దొరికితే తాడు తెంపకండి. ఆకుల వరుస చెడితే లెక్క చెడుతుంది. ఎండలో పెట్టకండి, తడిగుడ్డతో తుడవకండి, పురుగు పోతుందని కిరసనాయిలు పూయకండి. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము దులిపి, పాత నూలుగుడ్డలో చుట్టి, పక్కన రెండు వసకొమ్ములు పెట్టండి. ఆకులు పెళుసెక్కి ఉంటే బలవంతంగా విప్పకండి. రాతప్రతుల భాండాగారాల్లో నిమ్మగడ్డి నూనె పట్టిస్తారు, అది తెలిసినవారి చేత చేయించండి. విప్పగలిగిన ఆకులకు రెండు వైపులా పగటి వెలుతురులో ఫోనుతో ఫోటో తీయండి. వెలుతురు పక్కనుంచి పడితే మసి పోయిన గీతలు కూడా కనబడతాయి. ఏ ఊరిది, ఎవరి ఇంటిది, ఎవరు రాశారని విన్నారు అన్నది ఒక చీటీ మీద రాసి కట్టతో ఉంచండి. ఇంట్లో ఎనభై దాటినవారుంటే ఇవాళే అడగండి. పాత భిన్నాలు చదవగలిగిన తరం అదే ఆఖరు.

తెలుగు పాఠం చెబుతున్న ఉపాధ్యాయులను కూడా ఒక మాట అడుగుతాను. కవిలె అన్న మాట పాఠంలో వచ్చిన రోజున ఒక ఆకు పిల్లల చేతికివ్వండి. మీ ఊళ్లో కరణాల ఇల్లు ఏదో పిల్లలకే తెలుసు, వారినే పంపండి. అర్థం రాయించవలసి వస్తే "ఊరి లెక్క" అని మొదట రాయించి, చరిత్ర అన్న మాట తరువాత రాయించండి.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో కథానిలయం తెరిచారు. పాత పత్రికల్లో చెల్లాచెదురుగా ఉన్న తెలుగు కథలకు అక్కడ ఒక ఇల్లు దొరికింది. అడిగి, వెతికి, ఒక్కొక్కటి పోగుచేస్తే అది సాధ్యమైంది. ఊరి లెక్కలకు అలాంటి ఇల్లు ఎప్పటికి వస్తుందో కానీ, వచ్చేదాకా కట్టలు మిగలాలి. మా ఇంటి కట్టలోని ఆకులన్నిటినీ ఈ సంక్రాంతి సెలవుల్లో ఎత్తిరాయడం మొదలుపెడుతున్నాను. ఆ అమ్మాయి సాయం వస్తానంది. అక్షయ ఆకుతో మొదలుపెడతాం.

ఇట్లు,
నాగావళి ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి,
ఒకనాటి కరణాల ఇంటి వాడు, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు